సింగపూర్‌లో ఐదు రాత్రులు: లాంగ్ ఎక్స్‌పోజర్ ఫొటోలకు కర్నూలు నుంచే ఎట్లా తయారు కావాలి?

హంద్రీ ఒడ్డు | కర్నూలు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. వచ్చే నెల మా అక్క వాళ్లింటికి సింగపూర్ పోతున్నా. దేశం దాటడం ఇదే మొదటిసారి. ఉండేది ఐదు రాత్రులే. మెరీనా బే ఒడ్డున నిలబడి, నీళ్లు అద్దంలా నున్నగా, వాటి మీద భవనాల లైట్లు పొడుగ్గా సాగినట్టు ఉండే ఫొటో ఒక్కటైనా తీసుకురావాలని రెండేళ్లుగా కోరిక. దానికి షట్టర్‌ను సెకన్ల కొద్దీ తెరిచి ఉంచాలట, లాంగ్ ఎక్స్‌పోజర్ అంటే అదే.

నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న 24 మెగాపిక్సెల్ డీఎస్‌ఎల్‌ఆర్, దాంతో వచ్చిన 18-55 లెన్స్, ఒక పాత ట్రైపాడ్ ఉన్నాయి. పగటిపూట ఫొటోలు పర్వాలేదు. రాత్రివే చేతికి రావడం లేదు. మొన్న శనివారం ఎనిమిదిన్నరకు కొండారెడ్డి బురుజు దగ్గర ట్రైపాడ్ పెట్టి తీశా. షట్టర్ తెరిచి ఉంచింది 15 సెకన్లు, అపర్చర్ (లెన్స్ కన్నం) ఎఫ్/5.6, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే అంకె) 400. లైట్ పడిన గోడంతా సున్నం కొట్టినట్టు తెల్లగా పోయింది. ఆకాశం బురదనీళ్ల రంగులో ఉంది. ఆటోల లైట్ల గీతలు మాత్రం బాగా వచ్చాయి. జూమ్ చేసి చూస్తే గోడ రాళ్ల అంచులు రెండేసి కనబడుతున్నాయి, కుడి మూలన ఒక పచ్చ చుక్క కూడా ఉంది.

ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి. నల్లగా ఉండే ఎన్‌డీ ఫిల్టర్ కొనాలా? ట్రైపాడ్‌ని విమానంలో పక్కన పెట్టుకోనిస్తారా? అక్కడికి పోయాక నేర్చుకునే టైమ్ ఉండదు, అందుకే ముందే అడుగుతున్నా.

ఏడు రోడ్లు | కడప | ఆదివారం రాత్రి 10:25

తమ్ముడూ, ముందు ఆ రెండేసి అంచుల సంగతి చూద్దాం. అది ఫోకస్ తప్పడం కాదు. ఫోకస్ తప్పితే అంచు మెత్తగా మసకబారుతుంది. అంచు రెండుసార్లు కనబడిందంటే, షట్టర్ తెరిచి ఉన్న టైమ్‌లో కెమెరా కాసేపు ఒకచోట ఉండి, కొంచెం జరిగి, తర్వాత అక్కడే నిలిచిపోయింది. ట్రైపాడ్ హెడ్ బరువుకు కిందికి జారినా, కాలి లాక్ ఒకటి దిగినా సరిగ్గా ఇట్లాగే వస్తుంది. ఇంట్లో కెమెరా బిగించి, గోడ మీద క్యాలెండర్ తీసి చూడు. 30 సెకన్లు, లైట్ ఆర్పి. క్యాలెండర్ అంకెలు చదవగలిగితే ట్రైపాడ్ బాగున్నట్టే.

తర్వాత అలవాట్లు. వేలితో నొక్కితే ఆ ఊపు ఫొటోలోకి వస్తుంది, కాబట్టి 2 సెకన్ల టైమర్ పెట్టు. లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తూ తియ్యి, చాలా కెమెరాల్లో లోపలి అద్దం అప్పటికే పైకి లేచి ఉంటుంది, దాని తట్టుడు ఉండదు. లెన్స్ పక్కన స్టెబిలైజర్ స్విచ్ ఉంటే ఆఫ్ చెయ్యి. చేతిలో పట్టుకున్నప్పుడు కాపాడేది, ట్రైపాడ్ మీద లేని కదలికను వెతుక్కుంటూ తనే కదిలిస్తుంది. ట్రైపాడ్ నడుమ ఉండే కడ్డీని పైకి లేపొద్దు, ఎత్తు కావాలంటే కాళ్లు సాగదియ్యి. లావుగా ఉండే పై కాళ్లు ముందు, సన్నవి చివర. మెడ పట్టీ తీసి జేబులో పెట్టుకో. గాలికి అది జెండాలా కొట్టుకుంటుంటే కెమెరా ఎట్లా నిలుస్తుంది?

నేను పెళ్లిళ్లు తీసేవాణ్ని. దేవుని కడప గుడి ముందు రాత్రి ఫొటోలు ఎన్నోసార్లు తీశా. బ్యాగును ట్రైపాడ్ కొక్కీకి తగిలిస్తా, కానీ గాల్లో ఊగేట్టు కాదు. దాని అడుగు నేలకు ఆనాలి. ఊగే బ్యాగు బరువు మేలు కంటే కీడే చేస్తుంది.

గడియార స్తంభం | అనంతపురం | సోమవారం ఉదయం 6:50

బాబూ, నేను ఫిజిక్స్ చెప్తాను కాబట్టి మీ ఆకాశం రంగు దగ్గర మొదలుపెడతా. ఎనిమిదిన్నరకు ఆకాశంలో సూర్యకాంతి మిగలదు. ఊరి లైట్లు దుమ్ము మీద పడి వెనక్కి వచ్చిన వెలుగే ఉంటుంది. 15 సెకన్లు దాన్నే పోగుచేస్తే బురద రంగు కాక ఇంకేం వస్తుంది? మీరు చూసిన మంచి రాత్రి ఫొటోల్లో చాలావి రాత్రివి కావు. పొద్దు గూకాక, పూర్తిగా చీకటి పడకముందు తీసినవి. ఆ కాసేపు ఆకాశం ముదురు నీలంలో ఉంటుంది. దాని వెలుగూ భవనాల లైట్ల వెలుగూ దాదాపు సమానంగా ఉంటాయి. గోడ తెల్లబోదు, ఆకాశం నల్లబోదు. దీన్నే బ్లూ అవర్ అంటారు.

పేరుకు అవరే గానీ గంట ఉండదు. సింగపూర్ భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ పైన ఉంది. అక్కడ సూర్యుడు దాదాపు నిలువుగా కిందికి దిగుతాడు, చీకటి గబుక్కున పడిపోతుంది. మీకు దొరికేది ఇరవై నిమిషాల చిల్లర. లండన్‌లో జూన్‌లో సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి అదే వెలుగు ముప్పావు గంట ఉంటుంది. ఇంకో సంగతి, మనకు చలికాలంలో ఆరు లోపే పొద్దు గూకుతుంది, ఎండాకాలంలో ఆరున్నర దాటుతుంది. సింగపూర్‌లో ఏడాది పొడుగునా ఏడు గంటల అటూ ఇటూనే. అంటే ఆరున్నరకల్లా ట్రైపాడ్ నిలబెట్టి, ఫ్రేమ్ కట్టి, ఫోకస్ చేసి ఉండాలి. ఏడుంపావు నుంచి ఏడున్నర మధ్య మీ చేతులు వెతుక్కుంటూ ఉండకూడదు.

కర్నూలులో మనకు దొరికే బ్లూ అవర్ కూడా ఇంచుమించు అంతే పొట్టిది. కాబట్టి ఇక్కడ సాధన చేస్తే అక్కడికి సరిపోతుంది. రోజూ ఒక ఇరవై నిమిషాలు, నెల రోజులు.

ఆదోని పత్తి | ఆదోని | సోమవారం ఉదయం 9:15

నా దగ్గర ఫోనే ఉంది. ఇవన్నీ ఫోన్‌తో అయ్యే పనేనా?

ఏడు రోడ్లు | కడప | సోమవారం మధ్యాహ్నం 1:10

చాలా వరకు అవుతుంది అన్నా. నైట్ మోడ్ అనేది ఒకటే పొడుగు ఎక్స్‌పోజర్ కాదు, చిన్న చిన్న ఫ్రేములు చాలా తీసి, కదలికను సరిచేసి ఒకటిగా కలుపుతుంది. అందుకే చేతిలో పట్టుకున్నా వస్తుంది. కానీ నీళ్లు నున్నగా కావాలన్నా, బండ్ల లైట్లు గీతలు కావాలన్నా నైట్ మోడ్ పనికిరాదు, అది గీతల్ని ముక్కలు చేస్తుంది. ప్రో మోడ్‌లోకి పోయి షట్టర్ 10 సెకన్లు, ఐఎస్ఓ 50 గానీ 100 గానీ పెట్టు. ఫోన్ పట్టే చిన్న క్లిప్పు ట్రైపాడ్‌కి బిగించు. చాలా ఫోన్లలో అపర్చర్ మార్చలేవు కాబట్టి లైట్లు ఎక్కువున్న చోట తెల్లబోతుంది, అక్కడ సెకన్లు తగ్గించుకో. మెయిన్ కెమెరా వాడు, జూమ్ కెమెరాకు వెలుగు చాలదు.

ప్రొద్దుటూరు పిల్ల | ప్రొద్దుటూరు | సోమవారం రాత్రి 8:30

నేను లండన్‌లో మాస్టర్స్ చేసినప్పుడు రాత్రిళ్లు ఫొటోలు తీయడమే నాకు ఊరట. ఒంటరిగా గదిలో ఉంటే ఇల్లు గుర్తొచ్చేది, కెమెరా తీసుకుని థేమ్స్ ఒడ్డుకు పోయేదాన్ని. అందుకని వంతెనల గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఓపిక పట్టండి.

వంతెన మీద ట్రైపాడ్ పెట్టేవాళ్లకు మొదటి శత్రువు వంతెనే. వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి మీద ఒక్క డబుల్ డెక్కర్ బస్సు పోతే కాళ్ల కింద తెలుస్తుంది. మనుషులు మాత్రమే నడిచేవి ఇంకా ఘోరం. లండన్‌లో మిలీనియం బ్రిడ్జి అని ఉంది, నడిచేవాళ్ల కోసమే కట్టింది. 2000 జూన్‌లో తెరిస్తే, జనం అడుగులకు అటూ ఇటూ ఊగుతోందని రెండు రోజులకే మూసేశారు. ఊపు తగ్గించే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు కాళ్లకు తెలియదు గానీ 10 సెకన్ల ఫొటోకు తెలుస్తుంది. నేను దాని మీద నుంచి సెయింట్ పాల్స్ చర్చి గోపురం తీయాలని నాలుగు సాయంత్రాలు పోయా. నాలుగో రోజుకు అర్థమైంది. నడుమ భాగంలో కాకుండా, వంతెన ఒడ్డును పట్టుకునే చివర నిలబడితే కదలిక చాలా తక్కువ. 20 సెకన్ల ఫొటో ఒకటి తీసే బదులు 4 సెకన్లవి పది తీయాలి. జనం పలచబడిన క్షణంలో తీసినవాటిలో రెండో మూడో నికార్సుగా వస్తాయి.

హంద్రీ ఒడ్డు గారూ, మీరు సింగపూర్‌లో హెలిక్స్ బ్రిడ్జి మీదికి తప్పకుండా పోతారు. అదీ నడక వంతెనే, 280 మీటర్లు. ఇదే పద్ధతి పాటించండి.

బస్సుల గీతల గురించి ఒక చిన్న సంగతి. మామూలు కారు పోతే టైల్ లైట్ల ఎర్ర గీతలు కిందనే ఉంటాయి. డబుల్ డెక్కర్ పోతే మనిషి ఎత్తుకు పైన, కిటికీల వెలుగు వెడల్పాటి రిబ్బన్‌లా గాల్లో తేలుతుంది. సింగపూర్‌లోనూ డబుల్ డెక్కర్లు తిరుగుతాయి. బస్సు ఫ్రేమ్‌లోకి రాకముందే షట్టర్ తెరవాలి, పూర్తిగా దాటిపోయాక మూయాలి. మధ్యలో మూస్తే రిబ్బన్ తెగిపోయినట్టుంటుంది.

హంద్రీ ఒడ్డు | కర్నూలు | బుధవారం రాత్రి 9:05

అందరికీ చాలా థ్యాంక్స్. క్యాలెండర్ పరీక్ష చేశా అన్నా. అంకెలు రెండేసి వచ్చాయి. ట్రైపాడ్ హెడ్ జారుతోంది, కంటికి కనబడనంత నెమ్మదిగా. మరమ్మతు చేయించే బదులు గట్టిది ఒకటి కొన్నా, ఒకటిన్నర కిలో బరువు.

ఇవాళ సాయంత్రం తుంగభద్ర ఒడ్డుకు పోయా. హైవే బ్రిడ్జి మీద కాకుండా, దూరంగా గట్టు మీద నిలబడి బ్రిడ్జిని తీశా. ఆకాశం నీలంగా వచ్చింది! నాకే నమ్మబుద్ధి కాలేదు. లారీల లైట్లు బ్రిడ్జి మీద ఒకటే గీత. నదిలో నీళ్లు తక్కువున్నాయి గానీ ఉన్న మడుగులోనే ఆ గీత నీడ కనబడింది.

కానీ సెకన్లు ఎన్ని పెట్టాలో గుడ్డిగా ఊహిస్తున్నా. ఒక ఫొటో 30 సెకన్లు ఆగి చూస్తే తెల్లగా ఉంది, ఇంకోటి చూస్తే నల్లగా ఉంది. ఇరవై నిమిషాల్లో పన్నెండు నిమిషాలు ఇట్లాగే పోయాయి.

గడియార స్తంభం | అనంతపురం | గురువారం ఉదయం 6:30

ఊహించే పని లేదు, లెక్క ఉంది. ముందు ఐఎస్ఓ 3200 పెట్టి, మీకు కావలసిన అపర్చర్‌లోనే, ఎఫ్/8 అనుకుందాం, ఒక టెస్ట్ షాట్ తీయండి. అర సెకనులోనే ఫొటో వచ్చేస్తుంది. నాణ్యత చూడొద్దు, వెలుగు చూడండి. వెలుగు సరిపోయిందనుకోండి, ఐఎస్ఓ 3200 నుంచి 100కి దిగితే 32 రెట్లు తగ్గింది. కాబట్టి టైమ్‌ను 32 రెట్లు పెంచాలి. అర సెకను 16 సెకన్లవుతుంది. అయిపోయింది. ఒక్కో ప్రయత్నానికి అర నిమిషం బదులు అర సెకను ఖర్చు.

పొద్దు గూకాక వెలుగు నిమిషనిమిషానికీ తగ్గుతుంది, కాబట్టి ప్రతి మూడు నాలుగు నిమిషాలకు ఒకసారి టెస్ట్ మళ్లీ చేయండి. వెనక స్క్రీన్‌ను నమ్మొద్దు. చీకట్లో అది కళ్లకు వెలుగ్గా కనబడి మోసం చేస్తుంది, ఇంటికొచ్చి చూస్తే ఫొటో చీకటిగా ఉంటుంది. హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్, చూడటం అలవాటు చేసుకోండి. వీధిదీపాల బల్బులు తెల్లబోతే పర్వాలేదు. భవనం గోడలు తెల్లబోకూడదు. 'రా' ఫార్మాట్‌లో (కెమెరా దిద్దని ముడి ఫైల్) తీయండి, రంగులు తర్వాత దిద్దుకోవచ్చు.

కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అని ఒక మెనూ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే 30 సెకన్ల ఫొటో తర్వాత ఇంకో 30 సెకన్లు మూసిన షట్టర్‌తో చీకటి ఫ్రేమ్ తీసి, మచ్చల్ని తీసేస్తుంది. మంచిదే. కానీ ఉన్న ఇరవై నిమిషాల్లో సగం టైమ్ అది తినేస్తుంది. బ్లూ అవర్‌లో ఆఫ్, చీకటి పడ్డాక తీరిగ్గా తీసేటప్పుడు ఆన్.

బురుజు నీడ | కర్నూలు | గురువారం ఉదయం 10:40

ఎఫ్/8 ఎందుకు సార్? ఎఫ్/16 పెడితే లైట్లు నక్షత్రాల్లా వస్తాయి కదా, రాత్రి ఫొటోకు అందమే అది. నేనైతే ఎఫ్/22 దాకా పోతా.

గడియార స్తంభం | అనంతపురం | గురువారం మధ్యాహ్నం 2:20

కిరణాలు వచ్చేది అపర్చర్ రెక్కల అంచుల దగ్గర కాంతి వంగడం వల్ల. రెక్కలు 6 ఉంటే 6 కిరణాలు, 7 ఉంటే 14. సరి సంఖ్యలో ఎదురెదురు కిరణాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, బేసిలో పడవు. ఎఫ్ అంకె పెరిగి కన్నం చిన్నదైన కొద్దీ కిరణాలు తేటగా వస్తాయి. అయితే అదే వంగడం ఫొటో అంతటికీ వర్తిస్తుంది. ఎఫ్/22లో కిట్ లెన్స్ (కెమెరాతో వచ్చే లెన్స్) ఫొటో మొత్తం మెత్తబడుతుంది, కిటికీల చువ్వలు కలిసిపోతాయి. నేను ఎఫ్/11 దగ్గర ఆగుతా. నక్షత్రాలూ ఉంటాయి, చువ్వలూ ఉంటాయి.

బురుజు నీడ | కర్నూలు | గురువారం రాత్రి 9:50

ఇవాళ రాజ్‌విహార్ సెంటర్‌లో ఎఫ్/11, 16, 22 మూడూ తీసి పక్కపక్కన పెట్టుకుని చూశా. ఎఫ్/22లో బోర్డుల మీద చిన్న అక్షరాలు చదవలేకపోయా, ఎఫ్/11లో చదివా. మీరు చెప్పింది నిజం సార్. ఇన్నాళ్లూ లెన్స్ బాగాలేదనుకున్నా.

రాయచోటి టు కువైట్ | కువైట్ సిటీ | శుక్రవారం మధ్యాహ్నం 3:00

అన్నలకు అక్కలకు నమస్కారం. ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నా. మాది రాయచోటి పక్కన పల్లె, ఇక్కడ డ్రైవర్‌గా పదకొండేళ్లు. శుక్రవారం సెలవు. గురువారం రాత్రి డ్యూటీ దిగాక కెమెరా పట్టుకుని సముద్రం ఒడ్డుకు పోవడం నా అలవాటు.

నేను ఎక్కువ తీసేది కువైట్ టవర్స్. 1979లో తెరిచారు. మూడు టవర్లు. పెద్దది 187 మీటర్లు, దాని మీద రెండు గోళాలు. రెండోది 147 మీటర్లు, నీళ్ల ట్యాంకు గోళం ఒకటి. మూడోది 113 మీటర్లు, దానికి గోళమే లేదు, సూదిలా ఉంటుంది. మొదట్లో నాకు ఇది ఎందుకు కట్టారో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, మిగతా రెండింటి మీద వెలుగు వేసే లైట్లు దాని మీద ఉంటాయి. అది తెలిశాక నేను నిలబడే చోటు మార్చుకున్నా. వెలుగు ఎటు నుంచి పడుతుందో తెలిస్తే గోళాల మీద నీలం పచ్చ రేకులు ఎటు నుంచి మెరుస్తాయో తెలుస్తుంది. పళ్లెంలాంటి రేకులు, వేలల్లో ఉంటాయి. 4 సెకన్ల ఫొటో జూమ్ చేస్తే ఒక్కొక్కటీ విడిగా కనబడుతుంది. మా అమ్మకు ప్రింట్ పంపిస్తే పూజ గది పక్కన గోడకు పెట్టుకుంది.

తమ్ముడికి రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఆవిరి. ఇక్కడ ఆగస్టు సెప్టెంబర్లలో సముద్రం మీద నుంచి తేమ గాలి వస్తుంది. ఏసీ గదిలో ఉన్న కెమెరాను ఒకేసారి బయటికి తెస్తే, చల్లని చెంబు మీద నీళ్లు పట్టినట్టు లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. ఒకసారి అట్లాగే అరగంట పోయింది, ఆకాశం నల్లబడింది, కళ్లనిండా నీళ్లొచ్చాయి. సింగపూర్‌లో ఏడాదంతా తేమే. ఇంట్లోంచి బయల్దేరే ముందు బ్యాగు జిప్ మూసే ఉంచి, ఏసీ లేని చోట, బాల్కనీలోనో మెట్ల దగ్గరో అరగంట పెట్టు. బ్యాగుతో పాటు లెన్స్ నెమ్మదిగా వెచ్చబడుతుంది.

రెండోది, పరాయి దేశంలో కెమెరా ఎటు తిప్పుతున్నావో చూసుకో. ఇక్కడ టవర్స్‌కి దగ్గర్లోనే దస్మాన్ ప్యాలెస్ ఉంది. నేను ఎప్పుడూ అటు తిప్పను. ప్రభుత్వ భవనాలు, మిలిటరీ, చమురు చోట్లు అసలే వద్దు. ట్రైపాడ్ పెట్టాక ఎవరైనా వచ్చి అడిగితే వాదించొద్దు. ఫొటో చూపించి, నవ్వుతూ చెప్పు, పొమ్మంటే పోవాలి. మన పాస్‌పోర్టు కంటే ఫొటో ఎక్కువ కాదు.

ప్రొద్దుటూరు పిల్ల | ప్రొద్దుటూరు | శుక్రవారం సాయంత్రం 6:10

అన్నా, ఆ ప్రింట్ సంగతి చదివి మనసు నిండిపోయింది. మీరు ఆ ఫొటోలు ఇక్కడ పెట్టండి, తప్పకుండా.

ట్రైపాడ్ సంగతి మీరన్నది అక్షరాలా నిజం. నన్ను ఒక పెద్ద ఆఫీసు భవనం ముందు సెక్యూరిటీ అతను ఆపాడు. ఫుట్‌పాత్‌లాగే ఉంది గానీ అది ప్రైవేటు స్థలమట. పది అడుగులు జరిగి రోడ్డు పక్కన పెట్టుకుంటే ఏమీ అనలేదు.

ఏడు రోడ్లు | కడప | శుక్రవారం రాత్రి 10:15

హంద్రీ ఒడ్డు తమ్ముడి మిగతా ప్రశ్నలు అట్లాగే ఉండిపోయాయి. ఎన్‌డీ ఫిల్టర్ రాత్రికి అక్కర్లేదు, డబ్బులు దాచుకో. అది పట్టపగలు వెలుగు తగ్గించడానికి. రాత్రి వెలుగు ఉండేదే తక్కువ. ఇంకా చెప్పాలంటే లెన్స్ ముందు బిగించి ఉన్న యూవీ ఫిల్టర్ కూడా రాత్రి తీసెయ్యి. వీధి దీపం ఆ గాజుకూ లెన్స్‌కూ మధ్య తగిలి, ఫొటోలో ఎదురు మూలన పచ్చటి దెయ్యంలా ఇంకో దీపం పుడుతుంది. నీ బురుజు ఫొటోలో కుడి మూలన ఉన్న పచ్చ చుక్క అదే అనుకుంటా.

వెనక నుంచి లైట్ పడుతుంటే డీఎస్‌ఎల్‌ఆర్ కంటిసందు (వ్యూఫైండర్) కప్పు. దాంట్లోంచి దూరిన వెలుగు పొడుగు ఎక్స్‌పోజర్‌లో మరకలా కనబడుతుంది. లైవ్ వ్యూలో ఈ బాధ తక్కువ. ఫోకస్‌కి లైవ్ వ్యూలో దూరపు దీపాన్ని పెద్దది చేసి చూసి, మాన్యువల్‌లోకి మార్చి, ఇక ముట్టుకోవద్దు.

ట్రైపాడ్ చెకిన్ సామానులో బట్టల మధ్య పెట్టు. స్పేర్ బ్యాటరీలు మాత్రం చెకిన్‌లో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి, మొనలకు టేప్ వేసి. లిథియం బ్యాటరీలకు ఆ నియమం అన్ని విమానాల్లోనూ ఉంది. పొడుగు ఎక్స్‌పోజర్లు, లైవ్ వ్యూ రెండూ బ్యాటరీని తాగేస్తాయి, కనీసం రెండు పెట్టుకో.

ఈ నెలలో ప్యారిస్ పోయేవాళ్లెవరైనా చదువుతుంటే ఒక మాట. ఈఫిల్ టవర్ పగటి ఫొటో ఎట్లాగైనా వాడుకోవచ్చు, రాత్రి లైటింగ్‌కి మాత్రం కాపీరైట్ ఉంది. మన కోసం తీసుకోవచ్చు, వ్యాపారానికి వాడాలంటే అనుమతి కావాలి. నా దగ్గర ఒక కస్టమర్ క్యాలెండర్‌కి అడిగితే అప్పుడు తెలుసుకున్నా.

హంద్రీ ఒడ్డు | కర్నూలు | ఆదివారం సాయంత్రం 4:30

ఇంకొక్క డౌట్. అక్కడ జనం విపరీతంగా ఉంటారంట కదా, శని ఆదివారాలు మెరీనా బే నిండిపోతుందని అక్క చెప్తోంది. అంతమంది ఉంటే ఫొటో ఎట్లా? ఇంకా సింగపూర్ ఫ్లయర్ అనే పెద్ద చక్రం తిరుగుతూ ఉంటుంది, అది మసకబారదా?

గడియార స్తంభం | అనంతపురం | ఆదివారం రాత్రి 7:45

నడిచే జనం ఫొటోలోకి రారు. 1838లో ప్యారిస్‌లో డాగేర్ అనే ఆయన తన కిటికీ నుంచి ఒక వీధి ఫొటో తీశాడు. బండ్లూ జనం తిరిగే పెద్ద వీధి. ఎక్స్‌పోజర్‌కు నిమిషాలు పట్టింది. ఫొటోలో వీధి ఖాళీ. కింది మూలన ఒక్క మనిషి మాత్రం కనబడతాడు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకేచోట నిలబడ్డాడు కాబట్టి. ఫొటోలో దొరికిన తొలి మనుషుల్లో అతనొకడు అంటారు. మీకు 15 సెకన్లే కాబట్టి నడిచేవాళ్లు పొగలా ఉంటారు, తెల్ల చొక్కాలవాళ్లు కొంచెం ఎక్కువ కనబడతారు. నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లు ఉండిపోతారు.

ఫ్లయర్‌కి లెక్క వేద్దాం. చక్రం వ్యాసం 150 మీటర్లు, ఒక చుట్టుకు దాదాపు అరగంట. చుట్టుకొలత 471 మీటర్లు, 1800 సెకన్లతో భాగిస్తే సెకనుకు పావు మీటరు పైచిలుకు. కంటికి ఆగినట్టే ఉంటుంది. కానీ 30 సెకన్లలో ఒక్కో పెట్టె 8 మీటర్లు జరుగుతుంది. పెట్టెలు 28 ఉన్నాయి, రెండింటి మధ్య దూరం 17 మీటర్లకు కొంచెం తక్కువ. అంటే 30 సెకన్ల ఫొటోలో ప్రతి పెట్టె పక్క పెట్టె దాకా సగం దూరం సాగి, చక్రం పూసల దండలా కాకుండా చేతి గాజులా వస్తుంది. పెట్టెలు విడిగా కావాలంటే 2 సెకన్లలో తీయండి, ఐఎస్ఓ 800 చేసుకోండి.

మీ అద్దం నీళ్ల సంగతి. మెరీనా బే ఇప్పుడు సముద్రం కాదు, మంచినీళ్ల జలాశయం. 2008లో తెరిచిన మెరీనా బ్యారేజీ సముద్రపు ఆటుపోట్లను బయటే ఆపేస్తుంది. అలలు తక్కువ. 10 నుంచి 15 సెకన్లు చాలు, నిమిషాలు అక్కర్లేదు. రాత్రి లేజర్ షో మొదలయ్యాక సెకన్లు సగం చేయండి, ఆ కిరణాలు ఒకదాని మీద ఒకటి పడి తెల్లటి ముద్దవుతాయి.

హంద్రీ ఒడ్డు | సింగపూర్ | మంగళవారం రాత్రి 11:20

నెల గడిచింది, సింగపూర్ నుంచి రాస్తున్నా. మూడు రాత్రులు అయ్యాయి.

మొదటి రాత్రి మెర్లయన్ పార్కుకు చేరేసరికి 7:40 అయింది. రైల్లో దారి తప్పా. ఆకాశం అప్పటికే నల్లబడింది. ఎనిమిది దాకా తీసినవన్నీ బురుజు ఫొటోల్లాగే ఉన్నాయి. రెండో రాత్రి ఐదింటి నుంచి వాన, ఒడ్డున పైకప్పు కింద నిలబడి వెనక్కొచ్చేశాం.

ఇవాళ ఆరుంపావుకే పోయాం. బ్యాగు మధ్యాహ్నం నుంచి బాల్కనీలోనే ఉంచా, రాయచోటి అన్న చెప్పినట్టు. లెన్స్ మీద చుక్క ఆవిరి పట్టలేదు. యూవీ ఫిల్టర్ తీసి అక్క చేతికిచ్చా. ఫ్రేమ్ కట్టా. ఎదుట మెరీనా బే శాండ్స్ హోటల్ మూడు టవర్లు, వాటి నెత్తిన పడవలాంటి కప్పు. 7:15 నుంచి టెస్టులు. 7:24కి ఐఎస్ఓ 3200లో 0.4 సెకనుకు వెలుగు సరిపోయింది. 32తో గుణిస్తే 13 సెకన్లు. ఎఫ్/11, ఐఎస్ఓ 100.

అప్పుడు గడియార స్తంభం సార్ చెప్పిన బూట్ల మనిషి గుర్తొచ్చాడు. అక్కను నీళ్ల దగ్గర మెట్టు మీద కూచోమని, కదలొద్దని చెప్పా. అక్క మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, అవతలి ఒడ్డు చూస్తూ కూచుంది. చుట్టూ కనీసం నూరు మంది నడుస్తున్నారు. రెండు సెకన్ల టైమర్, తర్వాత పదమూడు సెకన్లు. ఒక పడవ అడ్డంగా పోయింది.

ఫొటో వచ్చింది. ఆకాశం నీలం ఇంకు రంగు. మూడు టవర్ల వెలుగు నీళ్లలో మూడు పొడుగు చారలు, మధ్యలో పడవ గీసిన సన్నటి ఎర్ర గీత. మెట్ల మీద పొగలాంటి మరకలు నాలుగైదు. జనం లేరు. అక్క ఒక్కతే ఉంది. పెద్దది చేసి చూస్తే జడలో గుచ్చుకున్న క్లిప్పు కూడా విడిగా కనబడుతోంది. రాళ్ల అంచులు ఒక్కొక్కటే ఉన్నాయి.

పెళ్లయి వచ్చాక అక్క కర్నూలుకు రెండుసార్లే వచ్చింది. ఫొటో చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మకు పంపమంది. వాట్సాప్‌లో పంపితే చిన్నదైపోతుంది, ప్రింట్ తీయించాలని ఉంది. ఎంత సైజు దాకా పెద్దది చేయొచ్చు అన్నా?

రాయచోటి టు కువైట్ | కువైట్ సిటీ | మంగళవారం రాత్రి 9:30

తమ్ముడూ, చాలా సంతోషం. అక్క ముఖం చూపించనవసరం లేదు, ఆ మూడు చారలున్న భాగం ఒక్కటైనా ఇక్కడ పెట్టు. రేపు నేనూ 13 సెకన్లతో మొదలుపెడతా.

ఏడు రోడ్లు | కడప | బుధవారం ఉదయం 7:05

నీది 24 మెగాపిక్సెల్ కాబట్టి ఫొటో 6000 బై 4000 చుక్కలు. 12 బై 18 అంగుళాలు తీస్తే అంగుళానికి 333 చుక్కలు పడతాయి, క్లిప్పు అట్లాగే కనబడుతుంది. మ్యాట్ పేపర్ అడుగు, గ్లాసీ వద్దు, గోడ మీద ట్యూబ్‌లైట్ దాంట్లో మెరిసి నీలం కనబడదు. ఫైల్ నాకు మెయిల్ చెయ్యి, నువ్వు వచ్చేలోపు ఇక్కడ తీయించి బస్సులో కర్నూలు పంపిస్తా. అమ్మకు ముందే అందుతుంది.